మస్కట్ డబ్బాకు పురుడు

ఆసిఫాబాద్,
12 జూన్ 1988

చి. నిర్మలకు,

వదిన జానకి ఆశీస్సులు. ఇక్కడ అందరం బాగున్నాం, మీ అన్న మోకాలు తప్ప. అది కూడా నువ్వు ఉద్యోగంలో చేరినప్పటి నుంచి కొంచెం నయం. "మా చెల్లె కరీంనగర్ల ఇన్‌స్పెక్టర్" అని చెప్పుకోవడానికి రోజూ బజారు దాకా నడుస్తున్నారు. పోలీసు ఇన్‌స్పెక్టరా అని ఎవరైనా అడిగితే కాదనడం లేదు. మందులు, సబ్బులు, పౌడర్లు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరని వెనక నుంచి నేను సరిచేస్తున్నాను.

ఇక నా సంగతి. మన ఇంటి ముందు కచేరీ గది ఉంది కదా, మామయ్య కుర్చీలో కూర్చుని రైతులను నిలబెట్టి మాట్లాడిన గది. ఆయన పోయినప్పటి నుంచి అందులో వడ్ల బస్తాలూ ఎలుకలూ కాపురం ఉంటున్నాయి. బస్తాలు తీయించాను, ఎలుకలు వాటంతటవే పోయాయి. నిలువుటద్దం పెట్టి ఆడవాళ్ళ దుకాణం తెరిచాను. గాజులు, రిబ్బన్లు, కాటుక, బొట్టుబిళ్ళలు అమ్ముతాను. జడలు వేస్తాను, కనుబొమ్మలు దిద్దుతాను. మంచిర్యాలలో మా చెల్లెలి ఇంట్లో ఉండి నేర్చుకుని వచ్చాను. మీ అన్న మొదట వారం రోజులు నాతో మాట్లాడలేదు. తర్వాత మాట్లాడారు కానీ, మాట్లాడకుండా ఉన్నప్పుడే బాగుండేది. "దొరలింట్ల దుకాణం ఏంది? రేపు నన్ను సుత జడేసుకొమ్మంటవా?" అన్నారు. ఆయన జుట్టుకు అంత అవసరం రాదని చెప్పాను.

నవ్వులాటకు రాస్తున్నాను కానీ నిర్మలా, నలభై రెండేళ్ళు వచ్చాక నాది అని చెప్పుకునే పని ఒకటి దొరికింది. ఎవరి భార్యనో ఎవరి కోడలినో కాకుండా, జానకీబాయి దుకాణం ఎక్కడ అని అడుగుతూ పక్క ఊళ్ళ నుంచి వస్తున్నారు. నాకు పిచ్చి సంతోషంగా ఉంది.

అదంతా ఒక క్రీము చలవ. మన పాత జీతగాడు అంతయ్య కొడుకు హనుమండ్లు మస్కట్‌లో పనిచేస్తున్నాడు కదా, సెలవుకు వచ్చినప్పుడు నీలం మూత డబ్బాలు ఒక పెట్టెడు తెచ్చాడు. పక్కింటి బాలలక్ష్మి, అదే బట్టల దుకాణం కొమురెల్లి భార్య, మొదట పూసుకుంది. వారం తిరిగేసరికి చెంపలు నిగనిగలాడాయి. ఇక చూసుకో. డబ్బా కోసం వచ్చినవాళ్ళే గాజులు కొంటున్నారు, జడలు వేయించుకుంటున్నారు. ఆ డబ్బా లేకపోతే మళ్ళీ బస్తాలూ ఎలుకలే. మీ అన్న ఆ రోజు కోసమే చూస్తున్నారు.

నీకొక డబ్బా కండక్టర్ సిద్దిరాములుతో పంపుతున్నాను. ఎండలో తిరిగే ఉద్యోగం, రంగు జాగ్రత్త.

నీ వదిన,
జానకి


కరీంనగర్,
20 జూన్ 1988

వదినకు నమస్కారాలు.

సిద్దిరాములు డబ్బా ఇచ్చాడు, దాంతోపాటు నువ్వు పంపిన సకినాలలో సగం కూడా ఇచ్చాడు. మిగతా సగం ఏమయ్యాయని అడిగితే బస్సు కుదుపులకు విరిగిపోయాయన్నాడు. విరిగినవైనా ఇవ్వవలసింది అన్నాను. నోరు తుడుచుకున్నాడు.

ముకరంపురలో గది దొరికింది. ఇంటావిడ మంచిదే కానీ, నేను ఇన్‌స్పెక్టర్ననగానే తన పౌడర్ డబ్బాలన్నీ దాచేసింది. ఆఫీసులో ఇంకా పని నేర్చుకుంటున్నాను. ఆదిలాబాద్ జిల్లాకు మనిషి లేడని ఆ పని కూడా మాకే అంటగట్టారు. ఉద్యోగం ఖాయం కావాలంటే ఇంకా చాలా నెలలు పడుతుంది.

వదినా, నీ డబ్బా మీద చిన్న అక్షరాలలో ఒక మాట ఉంది. దాన్ని ఈ ఉత్తరంలో రాయలేను. నీకు వచ్చే ఉత్తరాలు నీకన్నా ముందు అన్నయ్యే విప్పి చదువుతారు, తర్వాత గమ్ముతో అంటిస్తారు, ఆ సంగతి మనిద్దరికీ తెలుసు. ఆయన చదవవలసిన మాట కాదు. డబ్బాను సొరుగులో పెట్టి తాళం వేసుకున్నాను. ఒకరిద్దరు పెద్దలను అడిగి చెప్తాను. నేను రాసేదాకా ఆ క్రీము ఎవరికీ అమ్మకు.

నీ మరదలు,
నిర్మల


ఆసిఫాబాద్,
27 జూన్ 1988

చి. నిర్మలకు,

నీ ఉత్తరం చదివి ఇల్లంతా నవ్వుకుంటూ తిరిగాను. మీ అన్న అడిగితే చెప్పలేదు. అయినా ఆయన నాకన్నా ముందే చదివారు, పాపం అర్థం కాలేదు అంతే. నాకు ఒక్కసారికే అర్థమయింది.

అన్న ముందు రాయలేని మాట, ఒకరిద్దరు పెద్దలను అడగవలసిన మాట, ముఖానికి పూసుకునే డబ్బాను తాళం వేసి దాచుకోవలసిన మాట. నేనూ ఒకప్పుడు ఆడపిల్లనే నిర్మలా. అబ్బాయి ఎవరు? ఆఫీసులో మనిషేనా? మనవాళ్ళేనా? కాకపోయినా నేను మీ అన్నను ఒప్పిస్తాను, కొంచెం మోకాలి నొప్పి ఎక్కువున్న రోజు చూసుకుని అడగాలి.

ఎవరికీ అమ్మవద్దన్నావు, నీకు తక్కువ పడతాయనే కదా. పిచ్చిదానా, నీ పెళ్ళి దాకా సరిపోయేటన్ని వేరుగా తీసి పెట్టాను. మిగతావి అమ్ముతున్నాను. మంచి మాట దాచుకుంటే ఎవరికి లాభం అని, తలుపు పక్కన ఒక పలక వేలాడదీశాను: 'కరీంనగర్ ఇన్‌స్పెక్టరమ్మ స్వయంగా వాడే క్రీము ఇక్కడ దొరుకును.' ఆ పలక పెట్టినప్పటి నుంచి నాకు అన్నం తినడానికి తీరిక లేదు. కాగజ్‌నగర్ నుంచి కూడా వస్తున్నారు.

అబ్బాయి ఫోటో పంపు. మీ అన్నకు తెలియకూడదంటే సిద్దిరాములు చేతికి ఇవ్వు, ఫోటోను తినలేడు.

నీ వదిన,
జానకి


కరీంనగర్,
4 జూలై 1988

వదినా,

మొదట ఆ పలక తీసెయ్యి. ఉత్తరం మిగతాది తర్వాత చదువు. తీసేశావా?

నాకు అబ్బాయి ఎవరూ లేడు. ఆఫీసులో ఉన్న ఒకే మగమనిషి మా పై అధికారి శ్రీధర్‌రావు గారు. ఆయన రిటైర్మెంటుకు దగ్గరపడ్డ తాతగారు. ఆయన ఆ పలక చూస్తే నా ఉద్యోగం ఆ రోజే ఊడుతుంది.

ఇక దాచి లాభం లేదు. అన్నయ్యా, ఇది మీరు చదువుతుంటే ఇక్కడ ఆపండి.

వదినా, ఆ క్రీములో ప్లాసెంటా సారం ఉందని డబ్బా మీద ఉంది. ప్లాసెంటా అంటే మాయ. బిడ్డ పుట్టాక పడే మాయే. గొర్రెదో ఆవుదో కాదు, మనిషిదని కూడా రాశారు. కొన్ని దేశాలలో ఆసుపత్రుల నుంచి పోగుచేసి, దాని సారం తీసి క్రీములలో కలుపుతారట. చర్మం నిగనిగలాడేది దానివల్లేనని వాళ్ళ నమ్మకం. సరిగ్గా శుద్ధి చేస్తే భయం లేదంటారు. కానీ చేశారో లేదో మనకెవరు చెప్తారు? ఆ డబ్బా మీద తయారుచేసినవాడి పేరు లేదు, ఊరు లేదు. ఏ తల్లికి ఏ జబ్బు ఉందో తెలియదు. రక్తం వల్ల కామెర్లు అంటుకుంటాయి, ఇప్పుడు పేపర్లలో రాస్తున్న కొత్త జబ్బు కూడా అంటుకుంటుంది. అందులో ఆడవాళ్ళ హార్మోన్లు కూడా ఉండవచ్చు, చిన్నపిల్లలకు పూస్తే మంచిది కాదు.

రూల్సు పుస్తకం మొత్తం తిరగేశాను. సీసం కలపకూడదని ఉంది, పాషాణం కలపకూడదని ఉంది, ఏ రంగులు వాడాలో ఉంది. మనిషి నుంచి తీసింది కలపకూడదని ఎక్కడా లేదు. నీ పేరు చెప్పకుండా శ్రీధర్‌రావు గారిని అడిగాను. ఆయన కళ్ళద్దాలు తీసి నవ్వారు. "మనిషిని తీసి మనిషికి పూయొద్దని పుస్తకంల ఎవరన్న రాస్తరా అమ్మా? గంత దూరం ఎవ్వరు ఆలోచన చేసి ఉండరు" అన్నారు.

అమ్మిన డబ్బాలన్నీ మెల్లగా వెనక్కి తీసుకో. కారణం చెప్పకు. పాతబడ్డాయని చెప్పు చాలు. ఎవరికీ చెప్పవు కదా?

నిర్మల


ఆసిఫాబాద్,
15 జూలై 1988

చి. నిర్మలకు,

పలక తీసేశాను. ఎవరికీ చెప్పలేదు. ఒక్క శంకరవ్వకు చెప్పాను.

ఎలా చెప్పకుండా ఉండను? నీ ఉత్తరం చదివి ముఖం నాలుగుసార్లు సబ్బుతో కడుక్కున్నాను, ఐదోసారి కడుగుతుండగా ఆమె వచ్చింది. ఊళ్ళో సగం మంది ఆమె చేతుల మీదుగా భూమ్మీద పడ్డవాళ్ళే. మంత్రసానికి మాయ గురించి చెప్పకుండా ఎవరికి చెప్తాను? "ఏమైంది దొరసానీ, మొకం గట్ల తోముతున్నవు?" అని అడిగింది. చెప్పేశాను. ఆమె అరుగు మీద కూలబడింది. నేను జబ్బుల గురించి చెప్పబోతే వినలేదు.

"జబ్బులు తర్వాత సంగతి. గది ఎవరి బిడ్డది?" అని అడిగింది.

తెల్లవారేసరికి కచేరీ గది నిండా ఆడవాళ్ళు, చేతుల్లో డబ్బాలు. నన్ను కొడతారనుకున్నాను నిర్మలా. ఒక్కరు కూడా నన్ను తిట్టలేదు. అందరి ప్రశ్నా ఒకటే. ఎక్కడో ఒక బిడ్డ పుట్టింది. దాని మాయను ఎవరూ ముంతలో పెట్టలేదు, పెరట్లో బొంద తవ్వలేదు, ఉప్పు వేయలేదు, మీద రాయి పెట్టలేదు, దాని మీద తల్లి నీళ్ళు పోసుకోలేదు. మనం మాత్రం పొద్దూ మాపూ చెంపలకు రుద్దుకున్నాం. ఆ బిడ్డ ఇప్పుడు ఎంతగా ఏడుస్తోందో అని ఒకామె తానే ఏడ్చింది.

శంకరవ్వ లేచింది. "మాయను నక్కలకు ఏసినా గంతే, మొకాలకు రాసినా గంతే. ఇగ మన చేతులకు వచ్చింది. మనమే బొంద పెట్టాలె" అన్నది.

పదో తారీకు ఆదివారం నాడు పెట్టాం. కొత్త కుండ తెప్పించి డబ్బాలన్నీ అందులో గీకాం. ఉప్పు, పసుపు వేసి మన పెరట్లో స్నానాల బండ పక్కన పూడ్చి రాయి పెట్టాం. అంతవరకు బాగానే ఉంది. అప్పుడు శంకరవ్వకు ఇంకో సందేహం వచ్చింది. బొంద మీద బాలింత నీళ్ళు పోసుకోవాలి కదా, బాలింత ఎవరు? కన్నతల్లి ఏ దేశంలో ఉందో. కాసేపు ఆలోచించి తీర్పు చెప్పింది: పూసుకున్నవాళ్ళే బాలింతలు. పూసుకున్న ప్రతి ఒక్కరికీ ఇరవై ఒక్క రోజుల పురుడు.

పురుడంటే తెలుసు కదా. వంట ముట్టకూడదు, చీపురు పట్టకూడదు. పొద్దున్నే ఒళ్ళంతా నూనె, వేడినీళ్ళు, సాంబ్రాణి పొగ. చెవుల్లో దూది, తలకు గుడ్డ. శొంఠీ బెల్లం కలిపిన కాయం ముద్ద మింగి, ఎల్లిపాయ కారంతో నెయ్యి అన్నం తిని పడుకోవడమే. మా వీధిలో పూసుకోనిది శంకరవ్వ, ఆమె బిడ్డలే. వాళ్ళే అందరికీ నీళ్ళు పోస్తున్నారు. ఇళ్ళల్లో మగవాళ్ళు వండుతున్నారు.

బాలలక్ష్మి ఆ రోజు లోపలికి రాకుండా గుమ్మం దగ్గరే నిలబడింది. పెళ్ళయి పన్నెండేళ్ళయింది, ఆమెకు పిల్లలు లేరు, నీకు తెలుసు. "అవ్వా, నాకు సుత ఉంటదా?" అని అడిగింది. శంకరవ్వ ఆమె వంక చూసి, "నువ్వు పూసుకోలేదా?" అన్నది.

"పూసుకున్న."

"పూసుకుంటె ఉంటది. ఇంకో మంచం దింపుండ్రి."

ఇళ్ళలో వంటలు తినలేక అందరూ మంచాలు మోసుకొచ్చి మా కచేరీ గదిలోనే వేసుకున్నారు. ఇది కూడా పడుకునే రాస్తున్నాను. మీ అన్న ఇప్పుడే వచ్చి, పప్పులో ఉప్పు ముందు వేయాలా తర్వాతా అని అడిగి పోయారు.

బాలింత వదిన,
జానకి


కరీంనగర్,
22 జూలై 1988

వదినా,

నీ ఉత్తరం చదివి పొట్ట పట్టుకుని నవ్వాను. ఇంటావిడ తలుపు కొట్టి ఏమైందని అడిగింది. మర్నాడు ఆఫీసుకు వెళ్ళాక ఆ నవ్వంతా పోయింది.

మా ఆఫీసుకు పేరు లేని ఫిర్యాదు ఒకటి వచ్చింది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను: 'ఆసిఫాబాదులో విదేశీ క్రీము పూసుకున్న స్త్రీలందరు మంచాల నుండి లేచుట లేదు. వంట చేయలేకున్నారు. చెవులలో దూది పెట్టుకొని, తలలు కట్టుకొని, మూలుగుచున్నారు. వెంటనే వచ్చి కాపాడగలరు.' శ్రీధర్‌రావు గారు విషప్రయోగమనుకున్నారు. హైదరాబాదుకు ఫోన్ చేశారు. నన్ను పిలిచి, జీపు తీసుకుని బయలుదేరమన్నారు.

ఆ 'కాపాడగలరు'లో కా దీర్ఘం పైకి తోకలా లాగి ఉంది. అలా రాసే మనిషి నాకు చిన్నప్పుడు అక్షరాలు దిద్దించాడు. వదినా, ఆ ఫిర్యాదు రాసింది అన్నయ్య.

నాకు ఏం చేయాలో తోచలేదు. చివరికి, ఆ దుకాణం మా వదినదని, నేను తనిఖీకి పోవడం పద్ధతి కాదని శ్రీధర్‌రావు గారితో చెప్పేశాను. డబ్బా ఒకటి నా సొరుగులో ఉన్న సంగతీ చెప్పి అప్పగించాను. ఆయన కోప్పడలేదు, కానీ నవ్వలేదు కూడా. ఇంటి మనిషి ఇచ్చిన డబ్బా సాక్ష్యానికి పనికిరాదట. దుకాణంలోనే సాక్షుల ముందు నమూనా తీసి సీలు వేయాలట. ఆయనే స్వయంగా వస్తున్నారు, ఒక లేడీ డాక్టరును కూడా వెంట తెస్తారట. ఎవరికైనా నిజంగా జబ్బు చేస్తే దుకాణం మూయిస్తారు, కేసు పెడతారు.

ఇంతకుముందే నేను స్పష్టంగా రాసి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదు. నీ దుకాణం పోతుందేమోనని నాకు భయంగా ఉంది. అందరికీ కామెర్ల పరీక్ష చేయించుకోమను. అన్నయ్యను ఏమీ అనకు. అంటే మాత్రం నా తరఫున కూడా అను.

నిర్మల


ఆసిఫాబాద్,
2 ఆగస్టు 1988

చి. నిర్మలకు,

మీ సారు వచ్చి పోయారు. దుకాణం ఇంకా ఉంది, నేనూ ఉన్నాను. మీ అన్న సంగతి చెప్తాను, కూర్చుని చదువు.

ఇరవై ఎనిమిదో తారీకు జీపు వచ్చి ఆగింది. ముందు సీసాలు పట్టుకుని కాంపౌండర్ దిగాడు, తర్వాత డాక్టరమ్మ, తర్వాత మీ శ్రీధర్‌రావు గారు. కచేరీ గదిలోకి ఒక్క అడుగు వేసి అక్కడే నిలబడిపోయారు. గోడ నుంచి గోడకు మంచాలు, మంచాల మీద దూది చెవుల ఆడవాళ్ళు, సాంబ్రాణి పొగ. అప్పుడే నెయ్యి అన్నాలు తిన్నామేమో, కొందరు మూలుగుతున్నారు కూడా. డాక్టరమ్మ ఒక్కొక్కరి నాడి చూసింది, కళ్ళు చూసింది, నాలుకలు చూసింది, రక్తం తీసుకుంది. చివరికి మీ సారు దగ్గరికి పోయి, "అందరు మంచిగనే ఉన్నరు సార్. బరువు సుత పెరిగిన్రు" అన్నది.

మీ సారుకు నమూనా కావాలి. డబ్బాలు ఎక్కడున్నాయంటే పెరట్లో ఉన్నాయన్నాను. తీసుకుపోయి రాయి చూపించాను. ఆయన కాంపౌండర్‌ను గడ్డపార తెమ్మన్నారు. శంకరవ్వ అడ్డం నిలబడలేదు, అరవలేదు. రాయి పక్కన కూర్చుని, "తవ్వు సారూ. గని ముందుగాల ఒక్క మాట చెప్పు. నీది ఏడ పెట్టిండ్రు?" అని అడిగింది.

ఆయనకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక సిగ్గుపడ్డారు. "మా తాతగారింట్ల, జగిత్యాలల. బాయి పక్కకు అని అమ్మ చెప్పేది" అన్నారు.

"దాన్ని ఎవలన్న తవ్వుతె ఊకుంటవా?"

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని గడ్డపార పక్కన పెట్టమన్నారు. నమూనా లేకపోతే కేసు లేదని, రాసుకుని పోవడం తప్ప చేసేదేమీ లేదని అన్నారు. అంటే నా దుకాణం బతికింది. నాకు గంతులు వేయాలనిపించింది.

సరిగ్గా అప్పుడు మీ అన్న వంటింట్లోంచి గరిటెతో బయటికి వచ్చారు, చారు రుచి చూడమని అడగడానికి. ఎండలో ఆయన ముఖం చూశాను. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆ ముఖం అలా మెరవడం నేనెప్పుడూ చూడలేదు. శంకరవ్వ కూడా చూసింది. లేచి పోయి, కొంగు చివరతో ఆయన చెంప తుడిచి వాసన చూసింది.

"దొరా, నువ్వు సుత పూసుకున్నవు."

"గడ్డం గీసుకుంటె మండుతదని జరంత రాసిన" అన్నారు మీ అన్న. జరంత కాదు. గడ్డం గీసుకునే సామాను వెనక నిండు డబ్బా ఒకటి, సగం డబ్బా ఒకటి దాచుకున్నారు. దుకాణాన్ని తిట్టుకుంటూ అందులోంచే ఎత్తుకుపోయారు. నిండు డబ్బాకు ఇంకా కాగితం కూడా విప్పలేదు.

నిర్మలా, మీ సారు మంచివారు. ఆ డబ్బా వంక చూసి, వెంటనే తల తిప్పుకుని ఆకాశం వైపు చూశారు. అది చాటుకు తీసేస్తే చాలని నాకు అర్థమయింది. నా దుకాణం, నా పేరు అన్నీ నిలబడతాయి. కానీ ఆ మంచాల మీద ఉన్నవాళ్ళు నా మాట నమ్మి పూసుకున్నారు. రాత్రిళ్ళు నవ్వుతూనే ఉన్నాం కానీ, లోపల నాకు భయం పోలేదు. డబ్బా ఆయన చేతిలో పెట్టి, "పరీక్ష చేయించుండ్రి సారూ. నాకు తెల్వాలె" అన్నాను.

ఆ క్రీమును భాగాలు చేసి లక్కతో సీలు వేశారు, సాక్షి సంతకం చోట శంకరవ్వ వేలిముద్ర వేసింది. అందులో ఒక భాగం దుకాణం వాళ్ళకే ఇవ్వాలట, నాకిచ్చారు. మీ సారు గేటు దాటకముందే దాన్ని కూడా ఆ రాయి కిందే మట్టి చేశాం. పరీక్ష ఫలితం వచ్చేదాకా క్రీము అమ్మవద్దని కాగితం ఇచ్చారు.

మీ అన్నకు పురుడు పడింది. ఆయన వద్దన్నా శంకరవ్వ ఒప్పుకోలేదు, పూసుకుంటే ఉంటుందన్నది కదా. నూనె రాశారు, వేడినీళ్ళు పోశారు, చెవుల్లో దూది పెట్టి తలకు నా పాత శాలువా కట్టారు. మొదటి రోజు గోడ వైపు తిరిగి పడుకున్నారు. రెండో రోజు కాయం ఇంకో ముద్ద ఉందా అని అడిగారు. మోకాలు బాగుందట. అందరితోపాటే ఆయనకూ పురుడు మొన్నటితో తీరిందంటే, ఇంకో వారం ఉండకూడదా అని శంకరవ్వను అడిగి తిట్లు తిన్నారు.

నీ వదిన,
జానకి


కరీంనగర్,
10 అక్టోబర్ 1988

వదినకు నమస్కారాలు.

అన్నయ్య శాలువా సంగతి ఆఫీసులో చెప్పకుండా ఉండడం ఎంత కష్టమో నీకు తెలియదు. శ్రీధర్‌రావు గారికి ఎలాగూ తెలుసు. అప్పుడప్పుడు ఫైలు చూస్తూ ఉన్నట్టుండి నవ్వుతారు. మొన్న సెలవు పెట్టి జగిత్యాల పోయి వచ్చారు. బావి పూడ్చేశారట, దాని మీద ఇప్పుడు సైకిల్ షాపు ఉందట. పంక్చర్ వేయించుకునే నెపంతో కాసేపు అక్కడ కూర్చుని వచ్చానని చెప్పారు. ఆయన కారులో పోయారు.

రక్తపరీక్షలలో ఎవరికీ ఏమీ లేదు. మళ్ళీ ఒకసారి కొన్ని నెలల తర్వాత చేయించాలి, అయినా భయపడవలసిన పని లేదని డాక్టరమ్మ అన్నది.

ఇక హైదరాబాదు లేబొరేటరీ నుంచి రిపోర్టు వచ్చింది. సీసం లేదు. పాషాణం లేదు. రంగులు అనుమతించినవే. క్రీము నిబంధనల ప్రకారం ఉన్నది, పాస్. మాయ గురించి ఒక్క ముక్క రాశారు: అది మనిషిదో, గొర్రెదో, అసలు ఉందో లేదో తేల్చే పరీక్ష వాళ్ళ దగ్గర లేదట. శ్రీధర్‌రావు గారు రూల్సులో ఈ సంగతి చేర్చాలని పైకి రాశారు. జవాబు రాలేదు. ఎప్పుడొస్తుందో తెలియదు.

డబ్బా మీద చిరునామా లేనందుకు నీకొక హెచ్చరిక వస్తుంది. అది సరిచేసుకుంటే మళ్ళీ అమ్ముకోవచ్చు, ఎవరూ ఏమీ అనలేరు. రిపోర్టు నకలు జతచేశాను.

ఇన్‌స్పెక్టర్‌గా నిన్ను వద్దనడానికి నా దగ్గర రూలు లేదు. మరదలిగా వద్దంటాను. కానీ ఆ దుకాణం నీకెంతో నాకు తెలుసు. నువ్వు ఏం చేసినా నేను నీ వైపే.

నిర్మల


ఆసిఫాబాద్,
24 అక్టోబర్ 1988

చి. నిర్మలకు,

దాపరికం లేకుండా రాస్తాను. క్రీము ఆగినప్పటి నుంచి దుకాణం చప్పబడింది. పక్క ఊళ్ళ వాళ్ళు రావడం మానేశారు. బతుకమ్మ పండుగకు కూడా గాజులు అంతంత మాత్రమే పోయాయి. ఇంకొన్నాళ్ళు ఇలాగే ఉంటే మూసుకోవలసిందే. అందుకే నీ రిపోర్టు వచ్చిన రోజు నేను పాపం పుణ్యం ఏమీ ఆలోచించలేదు, సంతోషించాను. హనుమండ్లు మళ్ళీ సెలవుకు వచ్చాడు, ఈసారి రెండు పెట్టెలు తెచ్చాడు. మీ అన్న, ఆశ్చర్యపోకు, నాకన్నా హుషారుగా ఉన్నారు. "సర్కారే పాస్ చేసింది. ఇగ ఏం ఫికర్?" అంటూ పెట్టె తాడు తానే కోశారు. నిన్న పొద్దున డబ్బాలన్నీ అల్మారాలో వరసగా పేర్చాను. నీలం మూతలు చూడముచ్చటగా ఉన్నాయి.

అప్పుడు బాలలక్ష్మి వచ్చింది. చేతిలో ఇత్తడి చెంబు. దుకాణం వైపు చూడనైనా చూడకుండా పక్క సందులోంచి నేరుగా పెరట్లోకి పోయింది. ఏమిటా అని నేనూ వెనకే పోయాను. రాయి దగ్గర కూర్చుని చెంబులో నీళ్ళు మెల్లగా పోస్తోంది. నీళ్ళల్లోంచి ఆవిరి వస్తోంది.

"ఇంకా పోస్తున్నవా?" అని అడిగాను.

"దినాం పోస్తున్న అక్కా. నువ్వు సూస్తలేవు. సలి మొదలైంది గద, జర గోరెచ్చగ పోస్తున్న."

"ఎవరి బిడ్డదో ఏమో, ఇన్ని దినాలా?"

ఆమె చెంబు కింద పెట్టింది. "ఎవరిదైతేంది అక్కా. గా ఇరవై ఒక్క దినాలు నన్ను ఎవ్వలు అడుగలే, ఇంకా కాలేదా అని. నాకు కాయం పెట్టిండ్రు. నీళ్ళు పోసిండ్రు. పన్నెండేండ్లల గదొక్కటే నాకు నిద్ర" అన్నది. ఏడవలేదు. మామూలుగా, ఎండుతున్న బట్టల గురించి చెప్పినట్టు చెప్పింది. మళ్ళీ నీళ్ళు పోయసాగింది.

నేను అక్కడ నిలబడలేకపోయాను. చెంబు ఖాళీ అయ్యాక ఆమె తల దువ్వించుకోవడానికి దుకాణంలోకే వస్తుంది. వచ్చి అల్మారా చూస్తుంది. లోపలికి పరుగెత్తి డబ్బాలు కిందికి లాగడం మొదలుపెట్టాను. మీ అన్న ఏమైందని అడిగారు. చెప్పాను. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని పెట్టె పట్టుకున్నారు, నేను అందిస్తుంటే ఆయన సర్దారు. మా ఇద్దరికీ అంత వేగం ఉందని మాకే తెలియదు. ఒక డబ్బా దొర్లి అల్మారా కిందికి పోతే దొరగారు పాకుతూ పోయి పట్టుకొచ్చారు. ఆమె గుమ్మంలో అడుగు పెట్టేసరికి ఆయన పెట్టె మీద కూర్చుని పేపరు చదువుతున్నారు, తలకిందులుగా.

పెట్టెలు రెండూ హనుమండ్లుకు వాపసు ఇచ్చేశాను. "సర్కారు పాస్ చేసింది గద దొరసానీ" అన్నాడు. సర్కారు చేసింది, నేను చేయలేదని చెప్పాను. నీ రిపోర్టు నకలు ఇందులో పెట్టి పంపుతున్నాను. దుకాణం నడుస్తుందో ఆగుతుందో ఇప్పుడు నేను చెప్పలేను. ఆగితే ఏడుస్తాను, అది మాత్రం నిజం.

నిన్న మాత్రం బాలలక్ష్మి అద్దం ముందు కూర్చుంది. నూనె రాసి, చిక్కు తీసి, మెల్లగా జడ వేశాను. అయిపోయింది, కానీ ఆమె లేవలేదు. కళ్ళు మూసుకుని అలాగే కూర్చుంది. నేను మళ్ళీ జడ విప్పి మొదటి నుంచి వేశాను.

నీ వదిన,
జానకి